వేషం ముగిశాక: తెలుగు కథనంలో స్వలింగ ప్రేమికుడి దినచర్య

ఏలూరును ఆనుకొని ఉన్న వట్లూరు పేరు వినగానే చుట్టుపక్కల వారికి నేడు ముందుగా స్ఫురించేవి ఇంజనీరింగు కళాశాలలు. పెదపాడు నుంచీ, కైకలూరు నుంచీ, కొల్లేటి లంకల నుంచీ వచ్చి చదువుకున్న పిల్లలు ఏటేటా అక్కడి నుంచే హైదరాబాదుకో బెంగళూరుకో రైలెక్కుతారు. వారిలో పురుషుణ్ణి ప్రేమించే పురుషులూ ఉంటారు. మహానగరంలో గది అద్దెకు తీసుకొని, పొద్దున్నే కుక్కరు పెట్టుకొని, ఆఫీసుకు పోయి వచ్చి, రాత్రి అమ్మ ఫోను చేస్తే పెళ్ళి మాట దాటవేసే ఆ మనిషి తెలుగు కథనంలో ఎక్కడ ఉన్నాడన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఈ ప్రశ్న నాది కాదు. కొన్నేళ్ళ కిందట స్నాతకోత్తర తరగతిలో ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పాఠం ముగిసిన రోజున ఒక విద్యార్థి వెనుక ఆగి అడిగాడు: “వీళ్ళకి ఓ జమాత్ ఉందండి, గురువుంది. ఉద్యోగం చేసుకుంటా మామూలుగా గదిలో ఉండేవాడి గురించి ఏవైనా రాశారాండీ?” నాకు వెంటనే ఒక్క తెలుగు పుస్తకం పేరూ తట్టలేదు. పత్రికల్లో అడపాదడపా వచ్చిన కథలు లేకపోలేదు. అయితే వాటిలో నాకు గుర్తున్నంతమేరకు ఆ మనిషి ‘సమస్య’గా ప్రవేశిస్తాడు, ముగింపులో ‘రహస్యం’గా బయటపడతాడు. విద్యార్థి అడిగినది ఆ రెండూ కాదు. నడుమ ఉన్న రోజుల సంగతి అడిగాడు.

నా ప్రతిపాదన ఇది. తెలుగు కథనం లైంగిక భిన్నత్వాన్ని నిరాకరించలేదు. అది ముగిసిపోయేదైతే ఆదరించింది, వేరొక లోకంగా విడివడి ఉంటే సానుభూతితో చూచింది. ముగియకుండా, విడివడకుండా, పక్క వాటాలోనే కొనసాగే జీవితాన్ని మాత్రం పట్టుకోలేదు.

మాట దగ్గరి చిక్కు

చిక్కు మాటతోనే మొదలవుతుంది. పత్రికాభాషలో స్థిరపడిన పదం ‘స్వలింగ సంపర్కం’. సంపర్కమంటే సంస్కృతంలో కేవలం కలయిక, తాకిడి. ఆధునిక తెలుగు సమాసంలో అది ఒక చర్యకు పేరయింది. దాని నుంచి పుట్టిన ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట మనిషిని ఆ చర్యను బట్టి మాత్రమే గుర్తిస్తుంది. భార్యాభర్తలను వారి పడకగదిని బట్టి పిలిచే పదం మనకు లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను కూడా మనిషిని గాక చర్యనే చూచింది. ‘ప్రకృతి విరుద్ధం’ అన్న తెలుగు పదబంధం ఆ చట్టభాష నీడలోనే వాడుకకెక్కింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహార్ కేసులో వయోజనుల పరస్పర సమ్మతి గల సంబంధాలను ఆ సెక్షను నుంచి తప్పించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. చట్టం పోయినా దాని పదజాలం మన వార్తాశీర్షికల్లో మిగిలింది. ‘గే’, ‘క్వీర్’ అని లిప్యంతరీకరించి వాడుకుంటున్న యువతరాన్ని భాషాభిమానంతో తప్పుపట్టే వారు ఈ సంగతి గమనించాలి. ఈ వ్యాసంలో ‘స్వలింగ ప్రేమికుడు’ అన్న పదాన్ని వాడుతున్నాను. అదీ పూర్తిగా సరిపోదు. ప్రేమ లేని రోజుల్లో కూడా ఆ మనిషి ఆ మనిషే.

పాత తెలుగులో మాట లేకపోలేదు. తిక్కన విరాటపర్వంలో అర్జునుడి రూపానికి ‘పేడి’ అన్న పేరుంది. బృహన్నలకు కొలువుంది, ఉత్తరకు నాట్యం నేర్పే పనుంది, అంతఃపురంలో నివాసముంది. ఒక విధంగా మన కావ్యాల్లో ఇంత పూర్తి దినచర్య దక్కిన పేడి మరొకరు లేరు. కాని అది ఏడాది గడువున్న అజ్ఞాతవాసం. గోగ్రహణంతో వేషం తొలగుతుందని శ్రోతకు ముందే తెలుసు. ఆ భరోసా మీదనే రసపోషణ నిలిచింది.

రంగస్థలం ఇచ్చిన అనుమతి

ఆ భరోసాయే రంగస్థలానికీ సంక్రమించింది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూచి స్త్రీలే ఆ నడక నేర్చుకోవాలనుకున్నారని చెప్పుకోవడం మనం వింటూనే ఉన్నాం. కూచిపూడి స్త్రీవేషంపై 2019లో ‘ఇంపర్సొనేషన్స్’ అనే గ్రంథం వెలువరించిన హర్షిత కామత్, ఆ వేషం గ్రామంలోని బ్రాహ్మణ పురుషత్వాన్ని సడలించకపోగా దానిని నిలబెట్టే సాధనంగా పనిచేసిందని చూపారు. స్త్రీవేషం వేయగలగడమే అక్కడ పురుషుడి ప్రతిష్ఠ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్త్రీవేషం వేరు, స్వలింగ ప్రేమ వేరు. ఈ రెంటినీ కలిపి బోధించిన దోషం నాలోనూ ఉంది. చాలాకాలం ఒకే పాఠంగా చెప్పాను. కాని తెలుగు ప్రేక్షకుడి మనసులో ఇవి కలగలిసి ఉన్నాయన్నది కూడా విమర్శకుడు లెక్కలోకి తీసుకోవలసిన వాస్తవం. ‘ఆడంగి’ అన్న ఎగతాళి మాట నడకను ఉద్దేశించి మొదలై కోరికను ఉద్దేశించి ముగుస్తుంది. నేటి టెలివిజన్ హాస్య కార్యక్రమాల్లో చీర కట్టిన మగవాడు ఆ కలగలుపు మీదే నవ్వు పుట్టిస్తాడు. స్కిట్టు పది నిమిషాల్లో ముగుస్తుంది. స్థానం వారి కళను ఈ నవ్వుతో ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. రెండింటికీ ఉన్న ఉమ్మడి షరతును మాత్రమే చెబుతున్నాను: తెర దించాలి.

ఆ షరతు ఎంత బలమైనదో 2018లో వచ్చిన ప్రశాంత్ వర్మ చిత్రం ‘అ!’ చూస్తే తెలుస్తుంది. ఒక యువతి తన తల్లిదండ్రులను రెస్టారెంటుకు పిలిచి, తాను పెళ్ళి చేసుకోదలచిన వ్యక్తిని పరిచయం చేస్తుంది. వచ్చినది మరో యువతి. ఆ బల్ల దగ్గర జరిగే సంభాషణ, తల్లిదండ్రుల తడబాటు, భోజనం ముందు పెట్టుకొని మాట్లాడుకోవడంలోని ఇబ్బంది, ఇవన్నీ నిజమైన గృహజీవిత దృశ్యాలు. వెకిలితనం లేదు. కాని చిత్రాంతంలో, చూచిన పాత్రలన్నీ ఒకే స్త్రీ మనసులోని వ్యక్తిత్వాలని తేలుతుంది. ఇతివృత్తానికి అది అవసరమే కావచ్చు. ఫలితం మాత్రం, తెలుగు తెర మీద అరుదుగా గౌరవంగా కూర్చున్న ఒక జంట మరునాటి ఉదయాన్ని చూడకుండానే మాయమైంది. ప్రయోగాన్ని మెచ్చుకుంటూనే ఈ నష్టాన్ని చెప్పుకోక తప్పదు.

రెండు పొరుగు పుస్తకాలు

ఎ. రేవతి తమిళ జీవితగాథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. బండి నారాయణస్వామి ‘అర్ధనారి’ నవల హిజ్రాల జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకుంది. ఈ రెండు పుస్తకాలు తెలుగు పాఠకుడి చూపును మార్చాయి. రేవతి కథనానికి బలం జమాత్ వ్యవస్థ. కన్న ఇల్లు విడిచిన మనిషికి గురువు తల్లి స్థానంలో నిలుస్తుంది, చేలాలు కూతుళ్ళవుతారు. ఆంక్షలుంటాయి, దెబ్బలుంటాయి, ఆదరణా ఉంటుంది. బంధుత్వ వాచకాలు ఉన్నాయి గనుక కథ చెప్పడానికి వ్యాకరణం ఉంది.

స్వలింగ ప్రేమికుడైన ఉద్యోగికి ఆ వ్యాకరణం లేదు. అతడు ఇల్లు విడవలేదు, సంక్రాంతికి వస్తాడు. విడివడని మనిషిని చిత్రించడం విడివడిన మనిషిని చిత్రించడం కంటె కష్టం. ఆ కష్టాన్ని కన్నడంలో వసుధేంద్ర ‘మోహనస్వామి’ (2013) కథలతో స్వీకరించారు. రష్మీ తెర్దాళ్ ఆంగ్లానువాదం 2016లో వచ్చింది. తెలుగు పాఠకులకూ పుస్తకం చేరింది. రచయిత బళ్ళారి జిల్లా సండూరు వారు, ఇంజనీరింగు చదివి చాలాకాలం సాఫ్టువేరు రంగంలో పనిచేసినవారు. కథానాయకుడిదీ చిన్న ఊరి నుంచి బెంగళూరుకు వచ్చిన బతుకే. వట్లూరు రైలు పట్టాల మీద కూడా సరిగ్గా ఇదే ప్రయాణం జరుగుతోంది.

మోహనస్వామి కార్తీక్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉంటాడు. అతడి కోసం వంట చేస్తాడు, ఇల్లు సర్దుతాడు. కార్తీక్ ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకోబోతున్నాడని తెలిసిన దగ్గర ఈ సంసారానికి పేరు లేదన్న సంగతి బయటపడుతుంది. ఏడ్వడానికి హక్కు కావాలంటే ముందు బంధం ఉందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. విడాకులైతే ఊరంతా మాట్లాడుతుంది. ఇక్కడ ‘రూమ్మేట్’ ఖాళీ చేశాడంతే. పుస్తకం ఆ దుఃఖం దగ్గర ఆగదు. బాల్యంలో సైకిలు తొక్కడం రాని అవమానం వేరొక కథ, చివర కిలిమంజారో పర్వతారోహణ ఇంకొక కథ. ఒకే మనిషి, వేరు వేరు వయసులు. కొసమెరుపు కోసం దాచిపెట్టిన రహస్యమేదీ లేదు, మొదటి కథలోనే అంతా తెలిసిపోతుంది గనుక. మిగిలిన పుటల్లో రచయితకు చెప్పడానికి మిగిలింది బతకడమే. ఈ పుస్తకం విజయం నా దృష్టిలో ధైర్యం వలన వచ్చినది కాదు, నిర్మాణం వలన వచ్చినది.

హైదరాబాదు, తెలుగు లేని గది

హైదరాబాదులో ఈ జీవితం నమోదు కాలేదని అనలేం. భారతీయ గే రచనల సంకలనం ‘యారానా’ను 1999లో వెలువరించిన హోషంగ్ మర్చంట్ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. నగరంలో 2013 ఫిబ్రవరిలో తొలి ప్రైడ్ యాత్ర జరిగింది. స్వలింగ వివాహాల గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్ళిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో హైదరాబాదులోనే బంధుమిత్రుల నడుమ వేడుక చేసుకున్నారు. మర్చంట్ పార్సీ, ఆంగ్ల కవి. ఆ జంటలో ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ. నగరం వారిది కూడా. వారిని పరాయివారనడం నా అభిమతం కాదు. ఇదే నగరానికి ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ వెళ్ళినవాడు తన మాటను తెలుగులో చెప్పలేకపోతున్నాడన్నదే గమనిక. తెలుగులో చెబితే ఇంట్లో చదువుతారు. ఆంగ్లం అతడికి తలుపు గడియ.

సుప్రియో కేసులో 2023 అక్టోబరు 17న వెలువడిన తీర్పు వివాహహక్కును గుర్తించలేదు. అయినా ఆ తరువాత పరిపాలన చిన్న చిన్న విషయాల దాకా వచ్చింది. క్వీర్ వ్యక్తులు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అభ్యంతరం లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. రేషను కార్డు విషయంలో అలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు సూచన వెళ్ళింది. ఉప్పూ పప్పూ కలిపి కొనుక్కునే ఇద్దరి సంగతి సర్కారు కాగితానికి ఎక్కింది. మన కథకు ఇంకా ఎక్కలేదు.

తెలుగులో వనరులు లేవా అంటే, ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో మిత్రులు ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. మేనరికపు బంధుత్వంలో ఆ మాట పెళ్ళి సంబంధానికి ఆనవాలు. మగవారి మధ్య పరిహాసానికి అనుమతి. భుజం మీద చేయి వేసి నడవడానికి, ఒకే మంచం మీద పడుకోవడానికి, “నువ్వే ఆడపిల్లవైతే నిన్నే చేసుకుందునురా” అనడానికి ఆ మాట నీడనిస్తుంది. ఆ నీడలో ఒకడు నిజంగానే అంటున్నాడని రెండోవాడు గ్రహించిన క్షణం ఎలా ఉంటుంది? పిలుపు మారుతుందా, నవ్వు ఆగుతుందా? కన్నడ రచయితకు గాని ఆంగ్ల రచయితకు గాని ఈ ఘట్టం చిక్కదు. ఇది తెలుగు కథకుడికి మాత్రమే ఉన్న పెట్టుబడి. ‘అద్దెకు ఇల్లు, ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న బోర్డు ముందు ఇద్దరు మగవారు నిలబడినప్పుడు ‘ఫ్యామిలీ’ అన్న మాటకు జరిగేదీ అంతే.

రూపం కూడా సిద్ధంగానే ఉంది. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’, నామిని ‘మిట్టూరోడి కథలు’, వంశీ ‘మా పసలపూడి కథలు’ ఒక చోటును పట్టుకొని చిన్న చిన్న కథలుగా నిత్యజీవితాన్ని పోగుచేశాయి. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’లో సరస్సు అంచు పల్లె బతుకు చేపలతో, పడవలతో, రుతువులతో ఎంత వివరంగా నిలిచిందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మనకు దినచర్య రాయడం రాదని ఎవరూ అనలేరు. ఊరి దినచర్య రాశాం. ఊరు విడిచి వెళ్ళినవాడి గది లోపలికి, అందులోనూ ఈ గది లోపలికి, పోలేదు.

పరిశోధకులకు ఒక మాట. ఈ ఖాళీని వెంటనే ఇంటర్వ్యూలతో, ప్రశ్నావళులతో పూరించాలన్న ఉత్సాహం నాకు భయం కలిగిస్తుంది. ‘ఏలూరు సమీప గ్రామానికి చెందిన, ఫలానా కళాశాలలో చదివిన, ఇరవై ఆరేళ్ళ యువకుడు’ అని రాస్తే పేరు దాచినట్టు కాదు. ఇక్కడ ఆ మూడు వివరాలతో ఇంటి నంబరు దాకా పోవచ్చు. కల్పిత కథకు ఈ విషయంలో సిద్ధాంత గ్రంథానికి లేని సదుపాయం ఉంది. అందుకే నేను ప్రశ్న అడిగిన విద్యార్థిని తిరిగి ఏమీ అడగలేదు. ‘మోహనస్వామి’ ఇచ్చాను. రెండు వారాల తరువాత వార్తాపత్రిక అట్ట వేసి తెచ్చి ఇచ్చాడు. “బెంగళూరు బాగా రాశాడండి,” అన్నాడు. “మనవైపు సంగతులైతే వేరేగా ఉంటాయండి.”