‘ప్రైస్ ప్లీజ్’ అన్నవారికి జవాబేది?

రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను తెరిస్తే ఏదో ఒకచోట చీరల లైవ్ నడుస్తూనే ఉంటుంది. వెనక ఇనప రాకుల నిండా మడతలు, ముందు రింగ్ లైటు, ఆ వెలుగులో ఒకావిడ. కొంగు భుజాన వేసుకుని చూపిస్తుంది, అంచు కెమెరా దగ్గరికి తెస్తుంది, “సింగిల్ పీసే ఉంది, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండమ్మా” అంటుంది. కింద కామెంట్లు జారిపోతుంటాయి. ప్రైస్ ప్లీజ్. బ్లౌజ్ వస్తుందా అక్కా? ఫాల్ కుట్టి పంపుతారా? డల్లాస్‌కి షిప్పింగ్ ఉందా? మళ్లీ ప్రైస్ ప్లీజ్. కొన్నిచోట్ల ఆవిడ ఒక్కొక్కరి పేరూ చదివి జవాబు చెబుతుంది. కొన్నిచోట్ల ఎవరూ పలకరు, చీర మీద చీర వచ్చిపడుతుందంతే. రెండు రకాల దుకాణాలకూ లక్షల్లో ఫాలోవర్లు ఉండవచ్చు. పండగకు చీర కావలసి వచ్చినప్పుడు జనం తిరిగి వెళ్లేది మాత్రం మొదటి దానికే.

ఫాలోవర్లను పెంచుకోవడం ఎలాగో నేర్పే కోర్సులకు కొదవలేదు. ఏ గంటకు పోస్టు పెట్టాలి, ఏ పాట తగిలించాలి, రీలు మొదటి మూడు సెకన్లలో ఏం చూపాలి అని చెబుతారు. పనికొచ్చే సంగతులే, కాకపోతే అవి మనిషిని గుమ్మం దాకా తెచ్చి వదిలేస్తాయి. గుమ్మం దాటి వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలన్నది వేరే విద్య. ఆ విద్య ఇన్‌స్టాగ్రామ్ పుట్టకముందు నుంచీ తెలుగు బజారులో ఉంది.

పాత బట్టల కొట్లు గుర్తు చేసుకోండి. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోవాలి. గుమస్తా వయసు చూసి, తీరు చూసి, ఒకరిని “రండి వదినా” అని, ఇంకొకరిని “ఏం చూపించమంటారమ్మా” అని వరస కలిపేవాడు. యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినా మొహం మాడ్చకూడదన్నది అక్కడ నేర్పే మొదటి పాఠం. అడక్కుండానే కొంగు తన భుజాన వేసుకుని అద్దం పక్కన నిలబడేవాడు, గుబురు మీసాల మనిషి, ఏ మొహమాటమూ లేకుండా! మీ పెద్దమ్మాయి పెళ్లికి ఏ రంగు తీసుకెళ్లారో అతనికి గుర్తుండేది. ఇక మూట భుజాన వేసుకుని వీధిలోకి వచ్చే చీరలాయన సంగతి సరేసరి. వాయిదాల మీద ఇచ్చేవాడు, నెలనెలా వసూలుకొచ్చేవాడు, వచ్చినవాడు మంచినీళ్లు తాగుతూ ఇంటిల్లిపాది క్షేమం అడిగేవాడు. ఏ ఇంట్లో సంబంధం కుదిరిందో అతనికే ముందు తెలిసేది. అతని ఖాతా పుస్తకంలోని పేర్లే అతని ఫాలోవర్లు.

ఈ సంప్రదాయంలో మొదటి మెట్టు వెల చెప్పడం. అడిగినచోటే, అందరికీ కనబడేలా చెప్పడం. “ఇన్‌బాక్స్ చేశాం, చూసుకోండి” అనడం ఇప్పుడు ఆచారమైపోయింది. కామెంట్లు పెరిగితే పోస్టు పదిమందికి చేరుతుందన్న ఆశ ఒకటి, పక్క దుకాణానికి ధర తెలియకూడదన్న జాగ్రత్త ఇంకొకటి. అమ్మేవారి వైపు నుంచి చూస్తే రెండూ అర్థమయ్యేవే. కొనేవారి వైపు నుంచి చూస్తే మిగిలేది ఒక్కటే అనుమానం: మనిషిని బట్టి ధర చెబుతున్నారని. ఒకసారి ఆ అనుమానం పుట్టాక ఎన్ని నవ్వు బొమ్మలు పెట్టినా పోదు. ఇక కామెంట్ల ఆశ సంగతి చూస్తే, లైకు కొట్టండి, ట్యాగ్ చెయ్యండి అని దేబిరించే పోస్టులను కిందికి తోసేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. మరుసటి నెలలో, మనుషుల మధ్య సంభాషణ పుట్టించే పోస్టులకు పెద్దపీట వేస్తామంది. ఆ లెక్కలు ఆ తర్వాత ఎన్నిసార్లో మారాయి, ఇంకా మారతాయి. వాటి వెంట పరుగెత్తేవారికి నా సానుభూతి.

అసలు పనితనం తెలిసేది రెండో మెట్టు దగ్గర, ప్రశ్నకు తగ్గ జవాబు దగ్గర. చీరల కామెంట్లలో వెల తర్వాత ఎక్కువగా వినిపించే ప్రశ్న, “ఇది ప్యూర్ హ్యాండ్లూమేనా?” దీనికి చాలా దుకాణాల జవాబు “యెస్ మేడమ్, 100 శాతం ప్యూర్”, పక్కన ఒక ఎర్ర హృదయం. అది జవాబు కాదు, సంతకం. చీర తెలిసిన మనిషి అలా చెప్పడు. గద్వాల చీర అయితే నూలు ఒంటికి పట్టు అంచు ఎక్కడ కలిసిందో కెమెరాకు దగ్గరగా చూపిస్తాడు. దాన్ని కుప్పడం అంటారని, ఒంటి దారాన్నీ అంచు దారాన్నీ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలేస్తారని చెబుతాడు. ఉప్పాడ జాందానీ అయితే తిరగేసి చూపిస్తాడు. పువ్వును చేత్తో దారం దారంగా నేస్తారు గనుక వెనక పోగులు వేలాడవు, ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. పోచంపల్లి అయితే నేయడానికి ముందే నూలును కట్లు కట్టి రంగులద్దుతారు. అందుకే డిజైను అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, రంగు రెండు వైపులా ఒకే చిక్కదనంలో ఉంటుంది. అదే డిజైనును అచ్చు కొట్టిన చీరను తిరగేస్తే చాలాసార్లు వెలవెలబోతూ బయటపడుతుంది.

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో అడిగిన ఒక్కరికే కాదు, అడగడానికి మొహమాటపడి చూస్తున్నవాళ్లకూ జవాబు దొరుకుతుంది. వాళ్లలో కొందరు ఆ రాత్రి ఏమీ కొనరు. మర్నాడు మరో దుకాణం వీడియో చూస్తూ చీర తిరగేసి చూపించమని అడుగుతారు. అక్కడ ఎవరూ తిప్పి చూపించకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మరమగ్గం చీరను మరమగ్గం చీర అని చెప్పగలగాలి. “ఇది పవర్‌లూమ్ అండీ, అందుకే ఈ ధరకు వస్తోంది. రోజూ కట్టుకోవడానికి బాగుంటుంది” అన్న మాట వ్యాపారం చెడగొడుతుందని భయపడతారుగానీ, ఆ మాట అన్న దుకాణం తర్వాత చేనేత అని చెప్పిన చీరను జనం నమ్ముతారు. రంగు విషయమూ అంతే. రింగ్ లైటు కింద ఆనంద నీలం కాస్తా నెమలికంఠంలా కనబడుతుంది. పగటి వెలుగులో, కిటికీ పక్కన తీసిన పది సెకన్ల వీడియో ఒకటి పెట్టి “అసలు రంగు ఇదీ” అంటే వాపసు గొడవలు సగం రాకుండా పోతాయి.

గొడవలంటే గుర్తొచ్చింది. పార్సెల్ వచ్చింది, కొంగు దగ్గర చిరుగుంది. కొన్నావిడ వాట్సాప్‌లో అడిగింది, జవాబు లేదు. చివరికి లైవ్‌లోకి వచ్చి అందరి ముందూ రాసింది. ఇక్కడ చాలామంది చేసే పని ఆ కామెంటు తీసేయడం, లేదా ఆవిడను బ్లాక్ చేయడం. ఇంకొందరు “ఓపెనింగ్ వీడియో ఉందా?” అని పోలీసు గొంతుతో అడుగుతారు. పార్సెల్ విప్పుతూ వీడియో తీయమనడంలో తప్పులేదు, మోసపు వాపసులు నిజంగానే ఉన్నాయి. కానీ మొదటి మాట అది కాకూడదు. లైవ్ ఒక్క క్షణం ఆపి, ఆవిడ పేరు పలికి, ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పి, ఆ టైముకు చెయ్యాలి. తర్వాత ఏమైందో ఆ కామెంటు కిందే రాయాలి. ఫిర్యాదును పుట్టినచోటే తీర్చడం వల్ల ఒక కస్టమరు మిగలడమే కాదు, చూసేవాళ్లందరికీ ఒక హామీ దొరుకుతుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు కూడా ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని చెబుతున్నాయి. అమ్మేవారే కొన్నవారి వేషం కట్టి రివ్యూలు రాసుకోవడాన్ని అవే నియమాలు నిషేధించాయి.

పెద్ద కంపెనీలు ఈ పాఠాన్ని కష్టాల్లోనే నేర్చుకున్నాయి. అమెరికాలో కేబుల్, ఇంటర్నెట్ సేవల కంపెనీ కామ్‌కాస్ట్ మీద జనం నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, 2008లో ఫ్రాంక్ ఎలియసన్ అనే ఉద్యోగి ట్విట్టర్‌లో కంపెనీని తిడుతున్నవారిని వెతికి మరీ పలకరించడం మొదలుపెట్టాడు. కంపెనీ బొమ్మ వెనక దాక్కోకుండా తన పేరుతో, తన ఫొటోతో మాట్లాడాడు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద మేఘాలు కమ్మి యూరప్ విమానాలు చాలావరకు ఆగిపోయినప్పుడు డచ్ విమాన సంస్థ కేఎల్ఎమ్‌ ఫోన్ లైన్లు మోగి మోగి మూగబోయాయి. చిక్కుకుపోయిన ప్రయాణికులు ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో అడగడం మొదలుపెట్టారు. కంపెనీ సిబ్బందిని కూర్చోబెట్టి రాత్రింబవళ్లు జవాబులిప్పించింది, ఆ తర్వాత దాన్నే శాశ్వత విభాగంగా మార్చుకుంది. ఒక దశలో, ఆ క్షణాన అడిగితే ఎన్ని నిమిషాల్లో జవాబు వస్తుందో తన ట్విట్టర్ పేజీ నెత్తినే రాసుకునే దాకా వెళ్లింది. కంపెనీ సోషల్ మీడియాలో పేరు సంపాదించింది ప్రకటనలతో కాదు, ఆ బూడిద రోజుల జవాబులతో.

మూడో మెట్టు మనవాళ్లలో చాలామంది పట్టించుకోనిది, ఎదుటివారి వాకిట్లోకి వెళ్లడం. అమెరికాలో తండ్రి మద్యం దుకాణాన్ని ఆన్‌లైన్ అమ్మకాలతో పెంచి, వీడియోలతో పేరు తెచ్చుకున్న గ్యారీ వేనర్‌చక్ దీనికి ‘డాలరు ఎనభై సెంట్లు’ అని పేరు పెట్టాడు. మన రంగానికి సంబంధించిన పది హ్యాష్‌ట్యాగ్‌లు ఎంచుకుని, ఒక్కోదానిలో పైనున్న తొమ్మిది పోస్టుల కింద మన ‘రెండు సెంట్ల’ మాట, అంటే మనకు తోచిన ముక్క, రాయాలి. తొంభై మాటలు, డాలరు ఎనభై. రోజుకు తొంభై అనే అంకె నాకు నచ్చలేదు, అంకె పెట్టగానే పని మొక్కుబడి అవుతుంది. ఆలోచన మాత్రం మంచిదే. ఎవరో తన బామ్మ వెంకటగిరి చీర ఫొటో పెట్టి, జరీ నల్లబడింది ఏం చెయ్యాలని అడిగారనుకోండి. దాని కింద “మా పేజీ ఫాలో అవ్వండి” అని రాసేవాళ్లు డజను మంది. నూలు గుడ్డలో చుట్టి గాలి తగిలేచోట పెట్టమని, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చమని, సెంటు చల్లవద్దని రాసి ఊరుకున్నవాళ్ల పేజీని జనమే వెతుక్కుని వెళతారు.

ఇంత కష్టం ఎందుకు, ఫాలోవర్లను కొనేస్తే పోలా అనేవారు ఉన్నారు. దాని కథ తెలిసిందే. దెవుమీ అనే అమెరికా కంపెనీ నకిలీ ఫాలోవర్లను ఎలా అమ్ముతోందో 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2019 అక్టోబరులో అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ 25 లక్షల డాలర్ల తీర్పుతో ఆ కేసు ముగించింది. నకిలీ ఫాలోవరు చీర కొనడు, ప్రశ్న వేయడు, పక్కింటావిడకు చెప్పడు. అంతకంటే దాని గురించి చెప్పాల్సింది లేదు.

అసలైన లెక్క కావాలంటే వాట్సాప్‌లో ఉంది. మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితాలో మీరు పంపే మాట, మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. జాబితాకు 256 మందే పరిమితి. లక్షమంది ఫాలోవర్లున్న దుకాణానికి కూడా నిజమైన బలం ఇక్కడే తేలుతుంది: ఎంతమంది మీ పేరును ‘చీరలక్క’ అనో ‘పోచంపల్లి అన్న’ అనో దాచుకున్నారు? ఆ నంబరు సేవ్ చేయించే యంత్రం ఇంతవరకూ లేదు. ఎవరికివారు చేసుకోవాల్సిందే.

దీని ఖర్చు కూడా చెప్పుకోవాలి. ఇంటి నుంచి చీరలు అమ్మే ఆడవాళ్లలో చాలామందికి రాత్రి పదిన్నర దాకా లైవ్, తర్వాత ప్యాకింగు, పొద్దున్నే పిల్లల బడి. మన రాత్రి అమెరికాకు పగలు గనుక మెసేజీలు తెల్లవార్లూ వస్తూనే ఉంటాయి. వీటితోపాటు చీర సంగతి వదిలి చూపిస్తున్న ఆవిడ రూపం మీద కారుకూతలు కూసేవాళ్లు. వాళ్లకు మర్యాద బాకీ లేము, బ్లాక్ బటను ఉన్నది అందుకే. మిగతావారికి ఇరవై నాలుగు గంటలూ జవాబివ్వనక్కర్లేదు. “ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు జవాబిస్తాం” అని పేజీ మీద రాసి, ఆ మాట నిలబెట్టుకుంటే చాలు. కొన్ని ప్రశ్నలను ముందే ఆపవచ్చు కూడా: 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా చిన్న పార్సెళ్లకున్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. అడగకముందే ఆ ముక్క చెప్పి, సుంకం ఎవరు కట్టుకోవాలో తేల్చి రాసిన దుకాణాలకు ఆ తర్వాత వందల మెసేజీల బెడద తప్పుతుంది.

వేళాపాళా చూసుకుని పలికే ఆటోమేటిక్ జవాబులు, ఇప్పుడు కృత్రిమ మేధ రాసే జవాబులు ఈ భారం తగ్గిస్తామంటున్నాయి. పార్సెల్ ఎక్కడుందో చెప్పడానికి వాటిని వాడుకోవచ్చు, తప్పులేదు. “మా అమ్మ షష్టిపూర్తికి ఏది బాగుంటుంది?” అని అడిగినవారికి మాత్రం మనిషే మాట్లాడాలి. అమ్మ చామనఛాయా, తెలుపా, బరువు చీర మోయగలదా, పీటల మీద ఎంతసేపు కూర్చోవాలి అని తిరిగి నాలుగు ప్రశ్నలు వేయాలి.

కాబట్టి దుకాణదారులకు నా విన్నపం ఇది. వచ్చే నెల ప్రకటనలకో, ఫాలోవర్లకో పెట్టదలచుకున్న డబ్బు ఆపి, దానితో జవాబులు చెప్పే ఒక మనిషికి జీతం ఇవ్వండి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. చీర తెలిసి ఉండాలి, లేదని చెప్పే స్వేచ్ఛ ఉండాలి, ఆ మనిషి పేరు జవాబు కింద కనబడాలి. మొదటి వారం కొత్త పోస్టులేవీ పెట్టకండి. పాత వీడియోల కింద నెలల తరబడి పడి ఉన్న ‘ప్రైస్ ప్లీజ్’లకు ముందు వెల చెప్పించండి.