కోలబోడి దాకా నడిస్తేనే దండారి

ఏ ఆటనైనా ఎలా మొదలుపెట్టారో చూస్తాం గానీ, ఎలా ముగించారో అంత శ్రద్ధగా చూడం. మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారికి ముగింపు కోలబోడి. ఈమధ్య మేము చూస్తున్న గుస్సాడీ ప్రదర్శనల్లో ఆ ముగింపు కనబడటం లేదు. ఆట ఆగిపోతోంది తప్ప ముగియడం లేదు. ఈ తేడా గురించి మన యువకులతో, టీచర్లతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆమధ్య ఒక బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాం. పన్నెండు మంది పిల్లలు గుస్సాడీ వేషాల్లో వేదిక ఎక్కారు. అట్టకు ఈకలు అంటించిన టోపీలు, ఒంటికి తెల్లరంగు, మెడలో పూసలు. వాయించేవాళ్లు లేరు, సౌండ్ బాక్సులోంచి డప్పు మోగుతోంది. పిల్లలు మాత్రం మనసు పెట్టి ఆడారు. నాలుగు నిమిషాలకు పాట టక్కున ఆగింది. ఎత్తిన కాలు దించకముందే మైకులో తరువాతి అంశం పేరు చదివారు. పిల్లలు తెర వెనక్కి పరుగెత్తారు. ఒకడి టోపీ జారి వేదిక మీదే పడితే, బల్లలు సర్దే అతను దాన్ని కాలితో పక్కకు నెట్టాడు. మా పక్కన కూర్చున్న పెద్దాయన లేచిపోయి ఆ టోపీ తెచ్చుకుని, దుమ్ము దులిపి ఒళ్లో పెట్టుకున్నాడు. "అట్టదే కదా కాకా" అన్నాం. "అట్టదైతే ఏంది, తలమీద పెట్టిందే గదా" అన్నాడు.

ఆ మాట దగ్గరే మా విమర్శ మొదలవుతుంది. తలమీద పెట్టినదాన్ని ఎలా దించాలో కూడా మన ఆటలో ఒక భాగం. దాన్ని వేదిక కత్తిరించి పారేసింది.

దండారి ఒక రాత్రి ఆట కాదు. పౌర్ణమి దాటాక మొదలై దీపావళి వెళ్లేదాకా సాగుతుంది. ఏత్మాసూర్‌కు పూజ చేసి, డప్పు, గుమేల, పెప్రే బయటికి తీసి, జట్టు కాలినడకన ఊరు దాటుతుంది. గుస్సాడీలు నెమలీకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని దీక్షలో ఉంటారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఆడవేషం కట్టిన కుర్రవాళ్లు పోరీలుగా వెంట నడుస్తారు. వచ్చిన జట్టుకు ఆ ఊరివాళ్లు ఎదురువెళ్లి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెడతారు. రాత్రంతా ఆట, పాట, నవ్వించే వేషాలు. తెల్లవారాక మర్యాద చేసి సాగనంపుతారు.

సాగనంపడమంటే చేయి ఊపడం కాదు. ఈసారి మన జట్టు వాళ్ల ఊరికి వెళ్తే, మరోసారి వాళ్ల జట్టు మన ఊరికి రావాలి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల్లో ఒకే సగవాళ్లు పెళ్లి సంబంధం కలుపుకోరు. అందుకే వేరే సగవాళ్ల ఊళ్లకు దండారి వెళ్లడమంటే చుట్టరికం వెతుక్కుంటూ వెళ్లడం కూడా. ఎన్నో పెళ్లిళ్లు ఈ రాకపోకల్లోనే కుదిరాయి. వీడ్కోలు చెప్పేటప్పుడు ఇద్దరి మధ్యా ఒక బాకీ మిగులుతుంది. ఆ బాకీయే మళ్లీ కలుపుతుంది.

తిరిగి తిరిగి సొంత ఊరు చేరాక కోలబోడి జరుగుతుంది. ఊరి బయట చెట్టు కింద పూజ చేసి, కోడినో మేకనో బలి ఇచ్చి, ఇన్నాళ్లూ దేవుడి వేషంలో ఉన్నవాళ్లు టోపీలు దించి, దీక్ష విడుస్తారు. నిన్నటిదాకా మొక్కులందుకున్న మనిషి మళ్లీ మన అన్న, మన బావ అవుతాడు. మరునాడు పత్తి చేనుకు పోతాడు. ఊరంతా అక్కడే ఉండి దీన్ని చూస్తుంది. ఇన్నాళ్లు కలిసి నడిచినవాళ్లు విడిపోతుంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. ఆ బాధను మన పెద్దలు ఒంటరిగా మోయనివ్వలేదు, దానికొక పూజ, ఒక బంతి భోజనం పెట్టారు.

తెలుగు పద్యనాటకం చివర మంగళం పాడతారు. ఆ తరువాత నటుడు తెర వెనక రంగు కడుక్కుంటాడు. అది ప్రేక్షకుడికి కనబడదు, కనబడకూడదు కూడా. మన దగ్గర అలా కాదు. వేషం దించడం కూడా అందరి ముందూ జరిగే ఆటే. వేదిక మీది గుస్సాడీని చూసి మన నాటకాన్ని అంచనా వేసేవాళ్లు ఈ తేడాను గమనించడం లేదు. అడుగులు, ఈకలు, డప్పు దరువు మాత్రమే చూసి "జానపద నృత్యం" అని రాసేస్తున్నారు. నడక, ఆతిథ్యం, వేషాలు, వీడ్కోలు, కోలబోడి, ఇవన్నీ కలిస్తే అది నృత్యం కాదు, పదిహేను రోజులు పట్టే నాటకం. దాని మధ్య భాగంలోంచి నాలుగు నిమిషాలు తీసుకుని మొత్తం ఇదే అంటే ఎలా?

వేదికే వద్దని మేము అనడం లేదు. జైనూర్ మండలం మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీని రాష్ట్రం దాటించి ఢిల్లీ దాకా తీసుకుపోయారు. ఎందరో కుర్రవాళ్లకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు మన గూడేలన్నీ పొంగిపోయాయి. 2024లో ఆయన పోయినప్పుడు సొంత ఇంటి పెద్ద పోయినట్టు ఏడ్చాం. వేదిక లేకపోతే ఆ గౌరవం మనకు దక్కేది కాదు. అయితే ఆయన వేదిక మీదికి తెచ్చిన ఆట గూడెంలో పుట్టి పెరిగింది. ఇప్పుడు వేదిక మీదే పుట్టి వేదిక మీదే ఆగిపోయే గుస్సాడీ వస్తోంది. మా భయమంతా దాని గురించే.

దీనికి పిల్లల్ని తప్పు పట్టలేం. లెక్క చూడండి. దసరా దశమి నాడు. పౌర్ణమి దానికి ఐదు రోజుల తరువాత. దీపావళి అమావాస్య ఇంకో పదిహేను రోజులకు. దసరా సెలవులు అయిపోయి పిల్లవాడు పెట్టె సర్దుకుని హాస్టల్‌కు బస్సెక్కే వేళకు ఇక్కడ దండారి బయలుదేరుతుంది. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్‌లోనే చదివిన పిల్లవాడు వరుసగా ఎన్ని కోలబోడులు చూడకుండా పోతాడో ఆలోచించండి. వాడికి తెలిసిన గుస్సాడీ బడి వేదిక మీదిదే. టోపీ దించే పద్ధతి ఒకటుందని వాడికి ఎవరు చెప్పారు?

అందుకే మన టీచర్లను కొన్ని అడుగుతున్నాం. వార్షికోత్సవంలో గుస్సాడీ పెడితే రికార్డు వద్దు, దగ్గరి గూడెం నుంచి వాయించేవాళ్లను పిలవండి. వాళ్లను గేటు దగ్గరే పిల్లలతో ఎదుర్కోనివ్వండి, కాళ్లకు నీళ్లు ఇప్పించండి, అన్నం పెట్టి సాగనంపండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. కోలబోడిని మాత్రం వేదిక మీద అనుకరించవద్దు. అది పూజ, దాని చోటు దానికి ఉంది. పిల్లలు ఆట ముగించి, టోపీలు చేతుల్లోకి తీసుకుని, నిదానంగా నడిచి వెళ్తే చాలు. ఆ ఒక్క నిమిషం మైకు ఆపండి. దండారి రోజుల్లో సొంత ఊరికి పోతానని ఏ పిల్లవాడైనా అడిగితే అది ఎగ్గొట్టడమని కొట్టిపారేయకండి. పోయి వచ్చాక ఏం చూశాడో గోండిలోనే చెప్పించండి, తెలుగులో రాయించండి.

యువకులకూ ఒక మాట. ఫోన్‌లో గుస్సాడీ వీడియోలు ఎన్నో తీస్తున్నారు, అన్నీ ఎగిరే అడుగులే. ఈసారి దీపావళికి ఇంటికి వస్తే ఫోన్ జేబులో పెట్టుకుని చివరిదాకా ఉండండి. టోపీలు దించేటప్పుడు పెద్దల పక్కన నిలబడండి, సామాను మోయడానికి ఒక చేయి వేయండి. మరుసటి ఏడు మనం ఏ ఊరికి బాకీ ఉన్నామో అడిగి రాసుకోండి.

ఆ రోజు పెద్దాయన ఆ అట్ట టోపీని వెంట తీసుకుపోలేదు. కార్యక్రమం అయ్యాక ఆ పిల్లవాణ్ని వెతికి పట్టుకుని, రెండు చేతులతో అందించాడు. పిల్లవాడు ఒక చేత్తో తీసుకోబోయి, ఆయన్ని చూసి రెండో చేయి కూడా చాపాడు.