ఓలమ్మీ కన్యకా!

ఓలమ్మీ కన్యకా! నీ కథ పెనుగొండది. నీ గొంతు మాత్రం మా విజయనగరంలో పుట్టింది.

రాజు విష్ణువర్ధనుడి కోరికకు తలొగ్గక అగ్నిగుండంలో దూకి వాసవీ కన్యకాపరమేశ్వరిగా వెలసిన తల్లివని వైశ్యులు నిన్ను తరతరాలుగా కొలుస్తున్నారు. 1912లో గురజాడవారు ‘కన్యక’లో ఆ గాథను మళ్లీ చెప్పారు. విజయనగర సంస్థానం కొలువులో ఉంటూనే రాజు దౌర్జన్యం మీద పద్యం కట్టారు. రెండు దశాబ్దాల ముందు ‘కన్యాశుల్కం’ నాటకంలో మధురవాణికి మాట నేర్పిన చేయి అది.

ఆయన నిన్ను పీఠం మీంచి దించి వీధిలో నడిపించారు. జరీచీర కట్టి, పూలు ముడిచి, చెలికత్తెలతో గుడికి పోతున్న పిల్లవి. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా రాజు కన్ను నీ మీద పడింది. డబ్బున్న తండ్రి చేతులు కట్టుకుని గడువు అడిగాడు. ఊరు తల దించుకుంది.

నువ్వు దించుకోలేదు. తలారా స్నానం చేసి, నగలు పెట్టుకుని, అమ్మవారికి మొక్కి, మంట అంచున నిలబడి వెనక్కి తిరిగావు. మీకు ఆలుబిడ్డలు లేరా అని మగవాళ్లను నిలదీశావు. చేతనైతే ఇప్పుడు పట్టుకో అని రాజును సవాలు చేశావు. ఎన్నిసార్లు చదివినా అక్కడే నా ఒళ్లు జలదరిస్తుంది తల్లీ!

కాకతీయ రాణి రుద్రమకు సింహాసనముంది, సైన్యముంది. అడివి బాపిరాజు నవలలోనూ, 2015 నాటి సినిమాలోనూ ఆమె ఠీవి చూసి మురిసిపోయాను. నీకేముంది? ఒక గుడి, ఒక గుండం, నోరెత్తని జనం. అయినా అడిగావు. పాతకాలపు నాయికకు కత్తీ గుర్రం ఇచ్చి కొత్తదాన్ని చేశామనుకునే రచయితలు నీ దగ్గర కూర్చోవాలి.

నీ చావును మాత్రం నేను కీర్తించలేను. 1757లో బొబ్బిలి కోట పడేవేళ ఆడవాళ్లనూ బిడ్డలనూ సొంత మగవాళ్లే చంపుకున్న నేల మాది. పరువు కోసం ఆడదాని ప్రాణం తీసిన కథలు మాకు చాలానే ఉన్నాయి. అందుకే మంటలో దూకిన నిన్ను కాదు, దూకే ముందు నోరు విప్పిన నిన్ను నా కూతురికి చెబుతాను.

మా శ్రీకాకుళంలోనో సాలూరులోనో ఇప్పుడు కలం పట్టిన ఏ పిల్లయినా నీ కథ ఇంకోసారి రాయాలి. అందులో నువ్వడిగిన మాటకు ఊరు కదలాలి. కర్రలు లేవాలి. రాజు గుర్రం వెనక్కి తిరగాలి. నువ్వు ప్రసాదం పట్టుకుని, చెలికత్తెలతో గలగలా మాట్లాడుకుంటూ అదే వీధిలో ఇంటికి రావాలి.