క్రియ లేని వాక్యం

“ఆమె మా మేనత్త.” ఇందులో క్రియ ఎక్కడుంది? లేదు. లేదన్న సంగతి చెప్పేదాకా తెలుగువాడికి గుర్తుకే రాదు. కంప్యూటరు లోపల కూడా ఇలాంటి వాక్యం ఒకటుందని నాకు తెలిసింది నిరుడు ఎండాకాలంలో, కదిరిలో మా మిద్దె మీద.

నా ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ 4 జీబీ. కదిరి, తలుపుల, నంబులపూలకుంట మండలాల ఉపగ్రహ చిత్రాలన్నీ కలిపి కట్టుకున్న ఫైలు 6 జీబీ. సోలలో మానికెడు గింజలు పట్టవు కదా. అయినా ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే ఎం-మ్యాప్ అనే సిస్టమ్ కాల్‌ని పిలిచాను. రెప్పపాటులో ఒక అడ్రసు చేతికిచ్చింది, ఫైలు మొత్తం అక్కడే పరిచి ఉందన్నట్టు. నడిమధ్యలో ఒక చుక్కను అడిగాను, వచ్చింది. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి అడిగాను, అవీ వచ్చాయి. నేను రాసిన కోడ్‌లో ‘చదువు’ అన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. డిస్కు మీది చిత్రం మాత్రం చదవబడుతూనే ఉంది.

మన ఆలంకారికులు వాచ్యమని, వ్యంగ్యమని రెండు చెప్పారు. నోరు తెరిచి అన్నది వాచ్యం, అనకుండానే తోచింది వ్యంగ్యం. ‘రీడ్’ అనే పాత సిస్టమ్ కాల్ వాచ్యం: ఫలానా ఫైలులోంచి ఇన్ని బైట్లు తెచ్చి ఈ గిన్నెలో పొయ్యి అని విప్పి చెప్పాలి. ఎం-మ్యాప్ వ్యంగ్యం. ఆ చోటును తలిస్తే చాలు, తక్కినది ధ్వనిస్తుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మాది. ఒకే నీళ్ళను రెండుసార్లు మోసేవాణ్ణి చూస్తే మాకు కడుపు మండుతుంది. రీడ్ చేసేది అచ్చంగా అదే. డిస్కులో ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నెల్ ముందు ర్యామ్‌లోని తన పేజీ క్యాష్‌లోకి దింపుతుంది, అక్కడి నుంచి మళ్ళీ ప్రోగ్రాము గిన్నెలోకి వంపుతుంది. కపిలె బావి గుర్తున్నవాళ్ళకు బాగా తెలుస్తుంది: ఎద్దులు ముందుకు నడిస్తే తోలుబాన పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే కిందికి దిగుతుంది, తెల్లవార్లూ ఇదే వరస. ఎం-మ్యాప్‌లో బాన లేదు. పేజీ క్యాష్‌లో ఉన్న నీళ్ళ మీదికే నేరుగా ప్రోగ్రాముకు దారి పడుతుంది. 2001లో లైనక్స్ 2.4.10 వెర్షన్లో వచ్చిన ఓ-డైరెక్ట్ అనే పద్ధతి ఆ క్యాష్‌ని తప్పిస్తుంది గానీ కపిలెను వదలదు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కి అదంటే పడదని లోకమంతటికీ తెలుసు. రసం లేని చోట నేనూ ఆగను.

నన్ను నిలబెట్టేది దారి తెరుచుకోవడం కన్నా, ఆ దారికి కాపలా ఉన్న తీరు. చెరువు కింద సాగున్న ఊళ్ళలో నీరుగంటి ఉంటాడు. తూము ఎత్తేదీ దించేదీ అతనే, ఏ మడికి ఎప్పుడు మడవ తిప్పాలో అతనికే తెలుసు. చిన్నప్పుడు మా తాతతో పాటు చేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. “నీ వంతు ఇంకా రాలేదు సామీ, తెల్లారనీ” అని పార భుజాన వేసుకుని పోయేవాడు. ఎవరి చేలో నీళ్ళు అడుగంటాయో ఆ చేనే అతన్ని పిలిచేది. అంతేతప్ప ప్రతి మడి దగ్గరా ఒక మనిషి కాపలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా 6 జీబీ ఫైలును 4,096 బైట్ల పేజీలుగా కోస్తే 15,72,864 మడులు. ఎం-మ్యాప్ పిలిచిన క్షణాన వాటిలో ఒక్కదానికీ నీళ్ళు రావు. ఒక్కో మడికి పేజీ టేబుల్లో 64 బిట్ల పద్దు ఒకటుంటుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఆ పద్దులో సున్నా నంబరు బిట్ ‘ఉందా’ అంటుంది, ఒకటో బిట్ ‘రాయొచ్చా’ అంటుంది, రెండో బిట్ ‘మామూలు ప్రోగ్రాము తాకొచ్చా’ అంటుంది. ‘ఉందా’ దగ్గర సున్నా ఉన్న మడిని తాకగానే ప్రాసెసర్ ఆగిపోయి కెర్నెల్‌ని లేపుతుంది. కెర్నెల్ వచ్చి, ఆ అడ్రసు నీకు చెందినదేనా అని చూసి, ఫైల్ సిస్టమ్‌ని అడిగి, డిస్కులోంచి ఆ పేజీ తెప్పించి, పద్దు రాసి వెళ్ళిపోతుంది. ఆగిన ఆజ్ఞ మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది. మధ్యలో తాను ఆగానన్న సంగతి ప్రోగ్రాముకు తెలియదు. అలంకారశాస్త్రంలో అద్భుతానికి స్థాయి విస్మయం అని చదువుకున్నాను. ఆ రాత్రి అది మిద్దె మీద మంచం పక్కన కూర్చుంది.

ఇందులో ఇంకా సన్నని పనితనం ఒకటుంది. రాసే అనుమతితోనే ఫైలును తెరిచాననుకోండి. అయినా కెర్నెల్ ముందు ఆ పేజీని ‘చదవడానికి మాత్రమే’ అని పద్దులో వేస్తుంది. నేను మొదటి అక్షరం రాయబోయేసరికి ప్రాసెసర్ అడ్డుపడుతుంది. అప్పుడు ఫైల్ సిస్టమ్‌కి కబురు వెళ్తుంది: ఈ పేజీ మారబోతోంది, చోటు సిద్ధం చేసుకో, తేదీ రాసుకో అని. ఆ తర్వాతే రాసే బిట్ ఒకటవుతుంది. రెండో అక్షరానికి ఎవరూ అడగరు. మార్పు డిస్కుకు చేరడానికి బయలుదేరిందా, మళ్ళీ గడియ పడుతుంది. గడప దగ్గర ఒక్కసారి పలకరించి, ఇంట్లోకి వచ్చాక మన మానాన మనల్ని వదిలేసే పెద్దమనిషి మర్యాద ఇది. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడికి ఇది చూపించాలనిపిస్తుంది.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1960ల్లో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి కట్టిన మల్టిక్స్‌లో ఫైలుకూ మెమరీకీ మధ్య గోడే లేదు. అందులోంచి బయటికొచ్చి యూనిక్స్ కట్టినవాళ్ళు మళ్ళీ బాననే చేతికిచ్చారు. అది తేలిక, అందుకే నెగ్గింది. 1983 నాటి 4.2 బీఎస్‌డీ పత్రాల్లో ఎం-మ్యాప్ వర్ణన ఉంది, కోడ్ లేదు. పెళ్ళిచూపులయ్యాక అయిదేళ్ళకు, 1988లో, సన్‌ఓఎస్ 4.0లో పెళ్ళయింది.

రసభంగం కూడా చెప్పాలి. అదే రాత్రి, నా ప్రోగ్రాము చిత్రం చూపిస్తుండగానే ఇంకో కిటికీలో నేనే ఆ ఫైలును తోక కత్తిరించాను. మ్యాప్ అలాగే ఉంది, దాని కింద నేల లేదు. ప్రోగ్రాము ‘బస్ ఎర్రర్’ అని ఒక్క మాటతో కూలింది. రీడ్ అయితే ఇక్కడితో అయిపోయిందని లెక్క అప్పజెప్పేది. క్రియ లేని వాక్యంలో తప్పు జరిగితే ఎక్కడ జరిగిందని చెప్పడానికి క్రియే లేదు. ఈ అందానికి ఇది నిజమైన లోటు, దాన్ని సమర్థించను.

2015లో లైనక్స్ 4.0లో డాక్స్ అనే పద్ధతి వచ్చాక సంగతి పాకాన పడింది. కరెంటు పోయినా మరిచిపోని మెమరీ ర్యామ్ గాడిలోనే కూర్చుంటే మధ్యలో పేజీ క్యాష్ ఎందుకు? పద్దు నేరుగా ఫైలు ఉన్న చోటికే చూపిస్తుంది. ప్రోగ్రాము ఒక అక్షరం మారిస్తే ఫైలే మారుతుంది. మారిన అక్షరం ముందు ప్రాసెసర్ క్యాష్‌లో 64 బైట్ల గీతలో ఉంటుంది, దాన్ని వేరే ఆజ్ఞతో కిందికి నెట్టాలి. చోటు కేటాయింపు కూడా భద్రమయ్యాకే రాసే గడియ తీస్తామన్న హామీ, మ్యాప్-సింక్, 2018లో 4.15తో వచ్చింది.

ఇంత దగ్గరితనంలో ప్రమాదం బలంగా ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరం ప్రాసెసర్‌ని అడక్కుండా నేరుగా ఆ ఫైలు మడిలోనే రాస్తోందనుకోండి. ఇంతలో ఎవరో ఆ ఫైలును కత్తిరిస్తారు. ఆ మడి ఇంకో ఫైలుకు పోతుంది. కార్డుకు ఆ కబురు తెలియదు, రాస్తూనే ఉంటుంది, పక్కవాడి చేను మునుగుతుంది. కెర్నెల్ రెండు పనులు చేసింది. కాసేపటి రాతలైతే అవి తెమిలేదాకా కత్తిరింపును ఆపుతుంది. ఎంతకీ వదలని దీర్ఘకాలపు పట్టులైతే ముందే కుదరదంటుంది. ఆ కుదరదన్న మాటలో నాకు వినపడేది తెల్లారనీ అన్న నీరుగంటి గొంతే.

ఇక అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది 2020లో లైనక్స్ 5.8లో స్థిరపడిన చిన్న జెండా. డిస్కు మొత్తానికి డాక్స్ ఉండాలా వద్దా అన్న మొరటు నిర్ణయం పోయి, ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో ఏ ఫైలుకు ఆ ఫైలుకు విడిగా చెప్పుకోవచ్చు. డైరెక్టరీకి పెడితే అందులో కొత్తగా పుట్టే ఫైళ్ళకు తల్లి పోలికలా వస్తుంది. ఫైలు వాడకంలో ఉండగా జెండా మార్చారనుకోండి, మార్పు అప్పటికప్పుడు తగలదు. తెరిచినవాళ్ళందరూ మూసేసి, ఆ ఫైలు జ్ఞాపకం కెర్నెల్‌లోంచి దిగిపోయి, మళ్ళీ ఎవరైనా తెరిచినప్పుడే కొత్త పద్ధతి. పెళ్ళిలో బంతి మధ్యలో ఎవర్నీ లేపరు, మార్పులేవైనా తర్వాతి బంతికే. చెప్పగానే జరగలేదని దీన్ని లోపంగా లెక్కవేసేవాళ్ళున్నారు. నా లెక్కలో ఇది ఆ డిజైన్ మొత్తంలో అతి నాగరికమైన చోటు.

2022లో ఇంటెల్, కరెంటు పోయినా మరిచిపోని తన ఆప్టేన్ మెమరీ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు చెప్పింది. జెండాను మాత్రం కెర్నెల్ దించలేదు. వర్చువల్ మెషీన్లతో ఫైళ్ళు పంచుకునే వర్టియో-ఎఫ్‌ఎస్ అదే డాక్స్ దారిలో నడుస్తోంది.

మీ దగ్గర లైనక్స్ ఉంటే ఈ రాత్రి ప్రాక్ డైరెక్టరీలో సెల్ఫ్ కింద మ్యాప్స్ అనే ఫైలు తెరిచి చూడండి. ప్రతి వరసలో ముందు అడ్రసు, తర్వాత నాలుగు గుర్తులు ఉంటాయి. ఫైలును పరిచిన వరసలకు చివర ఆ ఫైలు పేరూ ఉంటుంది. చదవొచ్చా, రాయొచ్చా, నడపొచ్చా, ఉమ్మడిదా సొంతమా అని ఆ నాలుగు గుర్తులు చెబుతాయి. పేర్ల మీదికి పోకుండా కాసేపు వాటి దగ్గరే ఆగండి.