అపకీర్తి స్తంభము – మన కిట్టి

ఇటాలియను నవలాకారుడు మాంజోని తన ‘వాగ్దత్తులు’ నవలను దిద్ది 1840–42లో తిరిగి ప్రకటించినపుడు, దాని చివర ‘అపకీర్తి స్తంభ చరిత్ర’ అనే చిన్న గ్రంథాన్ని చేర్చినాడు. నవలకోసం వచ్చిన పాఠకుడు దీనిని చదవకుండానే పుస్తకం మూయవచ్చు. కాని తెలుగు రచయితకు నవలకంటె ఈ అనుబంధమే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

కథ 1630 నాటి మిలాను నగరానిది. మహమ్మారి ప్రబలి ఉన్నది. జూన్ 21వ తేదీ ఉదయం వానలో ఒకడు గోడవారగా నడుస్తూ గోడకు చేయి రాయడం కిటికీలోనుండి ఒక స్త్రీ చూచింది. విషలేపనం పూస్తున్నాడని పుకారు లేచింది. అతడు ఆరోగ్యాధికారుల క్రింది ఉద్యోగి, పియాజ్జా. చిత్రహింసకు మొదట లొంగలేదు. నిజం చెబితే శిక్ష తప్పిస్తామని ఆశపెట్టగా మోరా అనే మంగలి పేరు చెప్పినాడు. మోరా హింసకు తాళలేక ఒప్పుకొన్నాడు. ఇద్దరినీ చంపినారు. మోరా ఇల్లు పడగొట్టి, ఆ చోట నిలిపిన స్తంభం 1778 దాకా నిలిచింది.

ఈ వ్యవహారాన్ని పియెత్రో వెర్రి 1777లోనే విమర్శించినాడు. చిత్రహింసను అనుమతించిన న్యాయపద్ధతే దోషి అన్నది అతని వాదం. శిక్షాస్మృతుల క్రౌర్యంపై 1764లో ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన బెక్కారియాకు మాంజోని దౌహిత్రుడు. అయినా వెర్రి వాదంతో తృప్తిపడలేదు. ఆ చట్టాలూ, ఆ అజ్ఞానమూ ఉండగానే న్యాయాధిపతులు కన్ను తెరచి ఉంటే నిజం కనబడేది. చూడకపోవడం వారు చేసిన పని అన్నాడు. నేరమంతా కాలంమీదికి నెట్టితే మనుష్యులు తప్పుకొంటారని అతని భయం.

ఇదే ప్రశ్న మన నేలమీద వేసి చూడవలసి ఉన్నది. తెలుగు జిల్లాలతో కూడిన మద్రాసు రాజధానిలో పన్ను రాబట్టడానికీ, నేరం ఒప్పించడానికీ ప్రజలను హింసించడం పంతొమ్మిదవ శతాబ్ది మధ్యదాకా సాగింది. గాజుల లక్ష్మీనరసుచెట్టిగారు, 1852లో ఏర్పడిన మద్రాసు స్వదేశీయ సంఘమువారు పార్లమెంటుకు మొరపెట్టుకొన్నారు. 1853లో వచ్చిన సభ్యుడు డాన్బీ సేమూరుకు జిల్లాల స్థితి చూపినారు. తరువాత ఏర్పడిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. రెండు కర్రల నడుమ వ్రేళ్లు పెట్టి నొక్కే ‘కిట్టి’ అందులో నమోదయింది. తహశీలుదారే పోలీసు అధికారి కూడా కావడం ఈ హింసకు మూలాలలో ఒకటి. 1859 చట్టం ఆ రెండు పనులనూ విడదీసింది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు ముద్దాయిపై చెల్లదని 1872 సాక్ష్య చట్టం విధించింది.

అయితే నివేదిక నింద నంతటినీ దేశీయ ఉద్యోగుల మీదికి త్రోసి, దొరలను విడిచిపెట్టింది. కిట్టి బిగించినవాడు దోషి, సందేహం లేదు. ఆ పన్ను ఎవరి ఖజానాకు? మాంజోని అక్కడ ఆగి ఉండేవాడు కాడు. సాక్షుల గొంతులు ఇంతగా నిండిన ఆ పత్రంవైపు మన నవలాకారుల చూపు చాలినంత పోకపోవడం వింతగా ఉంటుంది.

కచ్చేరీని మన కథలోకి దిట్టంగా తెచ్చినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు. స్వయంగా విశాఖపట్టణంలో న్యాయవాది. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథలో ముత్యాలమ్మ యువ న్యాయవాదితో మాట్లాడే మాటలకు సాటి వచ్చే సాక్ష్యం మన వచనంలో అరుదు. పోలీసు, వకీలు, కోర్టు, సారా అన్నీ ఒకే యంత్రంలోని చక్రాలని ఆమె నోటనే తెలుస్తుంది. ఇంతవరకు ఆయన వెర్రి పక్షం. నా చిన్న అసంతృప్తి ఇక్కడే. అంతా మాయే అయినపుడు, ఫలానా ఉదయం ఫలానా అబద్ధాన్ని అబద్ధమని ఎరిగీ సంతకం చేసినవాడు ఆ మాయలో కరగిపోతాడు. ముద్దాయి ప్రక్కన నిలిచినవారికి బల్ల వెనుకనున్నవాని ముఖం సరిగా కనబడదనవచ్చు. అది న్యాయమైన సమాధానమే. మాంజోనీ ఆ బల్ల వెనుక ఎన్నడూ కూర్చోలేదు. రెండువందల యేండ్ల నాటి కాగితాలు ముందు వేసుకొని, న్యాయాధిపతి అడిగిన ఒక్కొక్క ప్రశ్నవద్ద ఆగి, ఇంకొక ప్రశ్న ఎందుకు అడగలేదని అతడిని నిలదీసినాడు.