పొల్లులోనే ఉంది గింజ

అటక మీది పెట్టెలో పాత సీడీ ఒకటి దొరికింది. ఇరవై ఏళ్ల కిందట డీటీపీ షాపులో పక్కన కూర్చుని కంపోజ్ చేయించుకున్న నా కథలన్నీ అందులో ఉన్నాయి. ఆ సీడీ దొరికిన రోజుల్లోనే విండోస్ వదిలి లినక్స్‌కు మారాను. కొత్త ఇంటికి సామాను చేరేస్తున్నాం కదా, ఇవి కూడా తెచ్చేసుకుందామని ఫైలు తెరిచాను. ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన చుక్కలున్న రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఫైలు పాడైందనుకున్నాను. పాడవలేదు. ఇన్నాళ్లూ నేను దాచుకున్నది తెలుగు కాదు, తెలుగులా కనబడే బొమ్మల వరస.

ఆ కాలపు ఫాంటుల పద్ధతే అది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలు సర్దేవారు. ఒక గదిలో తలకట్టు, ఇంకో గదిలో కొమ్ము, మరో గదిలో తావత్తు. ఏ ముక్క ఏ గదిలో అన్నది ఫాంటు చేసినవారి ఇష్టం. ఆ ముక్కలను కంటి కొలతతో పేర్చి పత్రికలకు పత్రికలు, పుస్తకాలకు పుస్తకాలు కట్టిన ఆపరేటర్ల నేర్పుకు దండం పెట్టాల్సిందే. కానీ ఫాంటు పక్కకు తప్పుకుంటే గదుల అసలు యజమానులు బయటికొస్తారు. నా సీడీలో జరిగింది అదే.

తెలుగుకు సొంత గదులే ఇచ్చిన యూనికోడ్‌లోని పనితనం అప్పుడు తెలిసొచ్చింది. దగ్గరగా చూడడానికి ఒక్క మాట చాలు: స్త్రీ. కంటికి ఒకే అక్షరం. పాత ఫాంటు దాన్ని కంటికి కనబడ్డట్టే దాచుకుంటుంది: నెత్తిన గుడిదీర్ఘం పెట్టిన స, ఆ తరవాత తావత్తు, రావత్తు. యూనికోడ్ మాత్రం చెవికి వినబడ్డట్టు దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంకేతాలు. గుడిదీర్ఘం కంటికి స మీద ఉన్నా, నోటికి ర తరవాతే కదా వస్తుంది! దాచేది ఉచ్చారణ క్రమం, చూపేది లిపి సంప్రదాయం. ఈ రెంటినీ విడగొట్టడమే అసలు కిటుకు.

ఆ కిటుకు బరువంతా మోసేది పొల్లు. హల్లులోని అకారాన్ని అది మింగేస్తుంది. వెనకే ఇంకో హల్లు వస్తే దాన్ని వత్తుగా కిందికి దింపుతుంది. అందుకే యూనికోడ్ తెలుగుకిచ్చిన 128 గదుల్లో ఏ వత్తుకూ విడిగా గది లేదు. ‘క్ష’కు కూడా లేదు. క, పొల్లు, ష కలిస్తే అదే తయారవుతుంది.

ఈ అమరిక వెనక మన దేశపు ఆలోచన ఉంది. చాలా భారతీయ లిపులు ఒకే వర్ణమాల క్రమంలో నడుస్తాయి కాబట్టి వాటన్నిటికీ ఒకే సంకేత పట్టిక చాలునన్నది ‘ఇస్కీ’. దాన్ని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194గా ప్రకటించింది. యూనికోడ్ వారు మన లిపుల వరసకు ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకున్నారు. అందుకే హిందీ క, తమిళ క, కన్నడ క, తెలుగు క ఎవరి వీధిలో వారున్నా ఇంటి నంబరు ఒక్కటే. తమిళానికి కావాల్సిన ఒక నకారం సీటు మన వరసలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ‘ఴ’ సీటు కూడా అలాగే ఖాళీగా ఉండి, పాత శాసనాల్లోని ఆ అక్షరం కోసం 2014లో నిండింది.

వేళ్లకు కూడా ఇదే న్యాయం, మన లిపులకు ఒకే అమరిక. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలామటుకు కుడి చేతికి. కె మీటలో క, దాన్నే షిఫ్టుతో నొక్కితే ఖ. డి మీటలో పొల్లు. విండోస్‌లో నేర్చుకున్న వేళ్లు లినక్స్‌లోనూ తడుముకోలేదు. వ్యవస్థ మారేవారికి నేను మొదట చెప్పే మాట ఇదే: ఒక కంపెనీ సొంత పద్ధతిలో టైపింగ్ నేర్చుకోవద్దు, అందరిదీ అయిన పద్ధతిలో నేర్చుకోండి.

కంటికి కనబడని పనితనం ఇంకొకటుంది. ‘ఆఫీస్‌లో’ అని రాయాలంటే చిక్కే. స్ పక్కన ల పడగానే పొల్లు తన పని తాను చేసుకుపోయి ‘ఆఫీస్లో’ చేసేస్తుంది. ఆ రెంటినీ విడదీయడానికి వెడల్పే లేని సంకేతం ఒకటి మధ్యలో పెడతాం. అచ్చులో చోటు తీసుకోదు, పొల్లును మాత్రం ఆపుతుంది. అయితే అది ఒక చోట పెట్టి, ఇంకో చోట మరిచిపోతే, వెతికినప్పుడు ఒక రూపం దొరికి రెండోది దొరక్కపోవచ్చు. ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే మేలు.

ఈ కట్టడంలో బలహీనమైన కీలు కూడా ఉంది. సంకేతాలు అందరికీ ఒకటే అయినా, వాటిని అక్షరంగా అల్లే పని ఏ వ్యవస్థకు ఆ వ్యవస్థే చేసుకోవాలి. లినక్స్‌లో ఎక్కువగా హార్ఫ్‌బజ్, ఆపిల్‌లో కోర్‌టెక్స్ట్. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ వల్ల ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? ఞకూ దీర్ఘానికీ మధ్య ఆ కనబడని సంకేతం చేరినప్పుడు అల్లే యంత్రం తడబడింది. ఐఓఎస్ 11.2.6తో సర్దారు. రాతను ఎవరూ దిద్దలేదు, దిద్దాల్సిన తప్పు అందులో లేదు.

నా కథల సంగతికొస్తే, కన్వర్టర్‌తో మార్చాను. కంటి వరసను చెవి వరసలోకి తిప్పాలి కాబట్టి అది జంట వత్తుల దగ్గరా ఐత్వం దగ్గరా తప్పటడుగులు వేసింది. ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. రెండూ ఒకే గుర్తని దానికి చెప్పాల్సి వచ్చింది. ప్రతి పేజీ కూర్చుని దిద్దాను. ఇప్పుడు ప్రతి రచననూ యూటీఎఫ్-8 సాదా టెక్స్టుగా ఒక ప్రతి విడిగా ఉంచుతున్నాను. పీడీఎఫ్ అచ్చుకే. అందులోంచి తెలుగు కాపీ చేస్తే తరచూ ముక్కలు చెదురుతాయి. మండలి, రామభద్ర, గురజాడ లాంటి స్వేచ్ఛా ఫాంటులు వెంట తీసుకెళ్తే ఏ యంత్రంలోనైనా పేజీ ముఖం పెద్దగా మారదు. కొత్త వ్యవస్థకు వెళ్లగానే స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కైలాసం, ఆఫీస్‌లో అన్న ఐదు మాటలు టైపు చేసి చూస్తాను. ఈ ఐదూ నిలబడితే ఇల్లు వాస్తుకు ఉన్నట్టే.

మీరూ ఒకసారి కంప్యూటర్లో ‘స్త్రీ’ టైపు చేసి, చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కండి. సాధారణంగా అక్షరం ఒక్కసారిగా పోదు. ముందు గుడిదీర్ఘం, తరవాత ర. ‘స్త్’ దగ్గర, వత్తుల చాటున ఇంతసేపూ దాగిన పొల్లు బయటపడుతుంది. ఇంకో రెండు నొక్కులకు ‘స్’ దగ్గర రెండోదీ కనిపిస్తుంది. ఆరో నొక్కుకు అంతా ఖాళీ. పనికిరాని గింజనీ పొల్లే అంటాం, ఈ గుర్తునీ పొల్లే అంటాం. నా కథలన్నీ ఇంటికి చేరింది మాత్రం దీని భుజాల మీదే.