రీడు మచ్చిక

హైదరాబాదు పాతబస్తీ పెండ్లి ఊరేగింపులలో డోళ్ళ హోరును, బాకాల గర్జనను దాటి పాట వరుసను జనుల చెవులకు జేర్చు భారము క్లారినెట్టుది; ఆ నల్లని గొట్టమునకు ప్రాణము పోయునది మాత్రము, కొనయందు మిల్లీమీటరులో పదియవ వంతు మందమైన రీడు. వెదురును బోలిన అరుండో డోనాక్స్ అను పెద్దగడ్డి కాడను ఎండబెట్టి దీనిని చెక్కుదురు. ఫ్రాన్సు దక్షిణమున వార్ సీమలోని గడ్డి ఇందుకు ప్రసిద్ధము; ప్యారిస్ ఆపెరా క్లారినెట్ విద్వాంసుడు యూజీన్ వాన్ డోరెన్ 1905లో ఆరంభించిన రీడుల తయారీ నేడు లోకమంతట వ్యాపించినది.

పెట్టెపై 2, 2½, 3 అని యుండు సంఖ్యలు గట్టిదనమును దెల్పునే గాని యోగ్యతను దెల్పవు. మౌత్‌పీసు కొనకును రీడు కొనకును నడుమ సుమారొక మిల్లీమీటరు సందుండును. ఆ సందు ఇరుకైనచో గట్టిరీడును, వెడల్పైనచో మెత్తని రీడును సామాన్యముగ ఒప్పును. సభలో కూర్చుండి స్వరమును నిశ్చలముగ నిలుపువాడు గట్టిరీడును గోరవచ్చును గాని, శాలిబండ వీధులలో గంటల తరబడి నడచుచు, ఖవ్వాలీ వరుసలోని జారుడును పెదవితోనే వంచి పలికింపవలసినవాడు, వెడల్పు సందుగల మౌత్‌పీసునకు మెత్తని రీడును బిగించుకొనుట నాకు మిక్కిలి సమంజసముగ దోచును. ఒక మౌత్‌పీసుపై కీచుమన్న రీడు వేరొకదానిపై మధురముగ పలుకుట అరుదు గాదు; కావున ఒక్క మౌత్‌పీసుపై పరీక్షించి రీడును పారవైచుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

జత కుదిరిన పిమ్మట మచ్చిక చేయవలెను. కొత్త కోడెను మొదటినాడే బరువుబండికి గట్టని రైతువలె, వాద్యకాడు రీడును నీట క్షణకాలము తడిపి, తొలినాడు మంద్రస్వరములనే కొన్ని నిమిషములు మెల్లగ ఊది, తుడిచి, గాజుపలకపై చదునుగ ఆరనిచ్చి, దినదినమును కాలము పెంచుచు, తారస్థాయికి తుదకు గొనిపోవలెను. మౌత్‌పీసును పెదవులనడుమ ఇటునటు త్రిప్పి ఊదినచో రీడు ఏ ప్రక్క బరువో తెలియును. ఆ ప్రక్కను సన్నని గరుకుకాగితముతో మిక్కిలి స్వల్పముగ రాచినచో చాలును, ఏలయన పోయిన పొర మరల రాదు.

లాల్ దర్వాజా సింహవాహినీ మహంకాళి బోనాలు ముసురుపట్టు ఆషాఢమున వచ్చును. అప్పుడు తేమకు నారలుబ్బి, రీడు అడుగుతట్టు చదును దప్పును. వేసవిలో కుదిరిన జత ఆనాడు కుదురకపోవచ్చును గనుక, నాలుగైదు రీడులను జ్యేష్ఠమునుండియే మార్చిమార్చి ఊది సిద్ధపరచుకొనవలెను. దినకూలిపై ఊదు కళాకారునకు పది రీడుల పెట్టె కొనుట భారము. సిబ్బంది దుస్తులకును, దీపాలంకరణములకును ధారాళముగ వెచ్చించు బ్యాండు యజమానులు, బోనాలకు నెల ముందుగా ఆ పెట్టెను తామే కొని యిచ్చిన బాగుండును.